తోకచుక్క పడితే లోకం మునుగుతుందా?

కామారెడ్డి పట్నంలో లైట్ల వెలుతురు ఎక్కువ. అక్కడ చుక్కలు కొన్నే కనపడతాయి. ఎల్లారెడ్డి దాటి అడవి అంచు పల్లెలకు పోతే ఆకాశం నిండా చుక్కలే. పొద్దున్నే నాట్లకు పోయే ఆడవాళ్లకు వేగుచుక్క తెలుసు. పిల్లలకోడి చుక్కలు తెలుసు. గడియారం లేని రోజుల్లో చుక్కలను చూసే పొద్దు ఎంతైందో చెప్పేవాళ్లు.

రోజూ చూసే చుక్కలంటే ఎవరికీ భయం లేదు. ఎన్నడూ చూడని చుక్క, అదీ తోకతో కనిపిస్తేనే గుండె దడదడ కొట్టుకుంటుంది.

"తోకసుక్క పొడిసింది. ఇగ కరువొస్తది."

"అది భూమి మీద పడ్తదంట. అందరం పోతమంట."

"బ్రహ్మంగారు ఎన్నడో చెప్పిండంట."

ఇలాంటి మాటలు వాడవాడకూ పాకుతాయి. ఒకప్పుడు నోటి మాటగా పాకేవి. ఇప్పుడు సెల్‌ఫోనులో బొమ్మలతో సహా వస్తున్నాయి. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. ప్రతి మాటకూ చివర "అంట" ఉంటుంది.

ఈ "అంట"లలో నిజమెంత? ఒక్కొక్కటే చూద్దాం.

తోకచుక్క అంటే ఏమిటి?

తోకచుక్క అసలు చుక్క కాదు. చుక్కలు సూర్యుడిలాగ మండే పెద్ద గోళాలు. అవి చాలా దూరంలో ఉన్నాయి గనుక చిన్నగా కనపడతాయి. తోకచుక్క చాలా చిన్నది. మంచు, దుమ్ము, రాళ్లు కలిసిన ముద్ద అది. చాలా తోకచుక్కల ముద్ద కొద్ది కిలోమీటర్లే ఉంటుంది.

కామారెడ్డి అంగట్లో దొరికే బెల్లం ముద్ద గట్టిగా ఉంటుంది. పగలగొట్టాలంటే రాయితో కొట్టాలి. తోకచుక్క అంత గట్టిది కాదు. పేలాల ముద్ద లాంటిది. కొంచెం గట్టిగా లాగితే విడిపోతుంది.

ఈ ముద్ద సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. సూర్యుడికి దూరంగా ఉన్నప్పుడు దానికి తోక ఉండదు. దగ్గరికి వచ్చినప్పుడు ఎండ వేడికి మంచు ఆవిరవుతుంది. ఆవిరితో పాటు దుమ్ము లేస్తుంది. అదే తోక. ఆ తోక లక్షల కిలోమీటర్ల పొడవు ఉంటుంది. అది ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకే ఉంటుంది.

రాత్రిపూట గీత గీసినట్టు మెరిసి, కన్ను మూసి తెరిచేలోపు మాయమయ్యేది తోకచుక్క కాదు. దాన్ని ఉల్క అంటారు. "చుక్క తెగిపడింది" అంటాం కదా, అదే. చాలా ఉల్కలు ఇసుక రేణువంత, గింజంత ఉంటాయి. గాలి రాపిడికి పైననే కాలిపోతాయి. తోకచుక్క అలా ఉరకదు. రోజుల తరబడి, వారాల తరబడి ఆకాశంలో కనపడుతుంది. 1997లో వచ్చిన హేల్-బాప్ తోకచుక్క కొన్ని నెలల పాటు ఉత్త కళ్లకే కనిపించింది.

"దాని తోక తగిలితే చస్తం"

ఇది తప్పు. ఈ భయం 1910లో ప్రపంచమంతా పాకింది. ఆ ఏడాది మే నెలలో హేలీ తోకచుక్క వచ్చింది. భూమి దాని తోకలో నుంచి పోతుందని లెక్క కట్టారు. తోకలో విషవాయువు ఉందని పత్రికలు రాశాయి. కొన్ని దేశాల్లో జనం తలుపుల సందులు మూసుకున్నారు. విషం తగలకుండా మాత్రలు అంటూ కొందరు అమ్ముకొని డబ్బు చేసుకున్నారు.

ఆ రాత్రి గడిచింది. తెల్లారింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఎందుకు కాలేదు? తోక చూడటానికి పెద్దదే. కాని అందులో సరుకు లేదు. మనం పీల్చే గాలి కన్నా అది ఎన్నో వేల రెట్లు పలుచన. పొయ్యి మీది పొగ వాకిలి దాటి ఊరి మీద పరుచుకుంటే ఇంక కంటికి ఆనదు. తోక అంతకన్నా పలుచన.

హేలీ తోకచుక్క 75, 76 ఏళ్లకు ఒకసారి వస్తుంది. 1986లో మళ్లీ వచ్చి వెళ్లింది. ఇక 2061లో వస్తుంది. రాక ముందే రాకడ చెప్పగలుగుతున్నారంటే దాని దారి లెక్కకు అందుతుందని అర్థం. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే బస్సు ఏ దారిన పోతుందో మనకు తెలుసు. హేలీ తోకచుక్క దారి కూడా శాస్త్రవేత్తలకు అలాగే తెలుసు.

"తోకచుక్క వస్తే కరువు, రోగం వస్తయి"

ఇదీ తప్పే. 2020 జూలైలో ఒక తోకచుక్క కనిపించింది. ఆ ఏడు కరోనా ఉంది. మరి తోకచుక్కే కరోనా తెచ్చిందా? కరోనా 2019 చివరలోనే మొదలైంది. తోకచుక్క ఆ తర్వాత కనిపించింది.

తోకచుక్క వచ్చిన ఏడు కరువు వస్తే గుర్తు పెట్టుకుంటాం. రాని ఏడు కరువు వస్తే ఎవరిని అనాలి? వాన పడకపోతే కరువు వస్తుంది. నీళ్లు చెడిపోతే రోగం వస్తుంది. తోకచుక్కను తిట్టుకుంటూ కూచుంటే బోరింగు దగ్గరి మురుగు పోదు.

కడుపుతో ఉన్న ఆడవాళ్లు తోకచుక్కను చూడకూడదని కొందరు అంటారు. చూస్తే ఏమీ కాదు. చూసిన తల్లికి గాని, కడుపులో బిడ్డకు గాని ఏ చెరుపూ లేదు. బిడ్డకు చెరుపు తల్లి కడుపు మాడితే జరుగుతుంది. రక్తం తక్కువైతే జరుగుతుంది.

గురుగ్రహం మీద పడిన తోకచుక్క

తోకచుక్క నిజంగా ఒక గ్రహం మీద పడటం మనుషులు చూశారు. అది 1994లో జరిగింది. పడింది గురుగ్రహం మీద.

ఆ తోకచుక్కను 1993 మార్చిలో అమెరికాలో కనుగొన్నారు. కనుగొన్న ముగ్గురిలో ఒకరు కరోలిన్ షూమేకర్ అనే ఆమె. రెండోవారు ఆమె భర్త యూజిన్. మూడోవారు డేవిడ్ లెవీ. అందుకే దానికి షూమేకర్-లెవీ 9 అని పేరు పెట్టారు.

కరోలిన్ గురించి తెలుసుకోవాలి. ఆమె 1929లో పుట్టింది. కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పింది. తర్వాత ఇల్లు చూసుకుంటూ ముగ్గురు పిల్లలను పెంచింది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, 50 ఏళ్లు దాటిన తర్వాత ఈ పని నేర్చుకుంది. ఒకే చోటి ఆకాశాన్ని కొంత సేపు ఆగి రెండుసార్లు ఫోటో తీస్తారు. ఆ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడాలి. చుక్కలు కదలవు. తోకచుక్క కదులుతుంది. బియ్యంలో రాయిని ఏరినట్టు ఆమె ఓపికగా ఏరింది. 32 తోకచుక్కలను కనుగొన్నది. 2021లో కన్నుమూసింది. నేర్చుకోవడానికి వయసు దాటిపోయింది అనే మాట ఆమె దగ్గర చెల్లలేదు.

ఆమె చూసిన ఆ తోకచుక్క మామూలుగా లేదు. నలిపినట్టు బారుగా ఉంది. ఎందుకంటే అది అప్పటికే పగిలిపోయింది. 1992లో గురుగ్రహానికి మరీ దగ్గరగా పోయింది. గురుగ్రహం దాన్ని గట్టిగా లాగింది. పేలాల ముద్ద విడిపోయినట్టు అది 20కి పైగా ముక్కలయింది. ఆ ముక్కలు దండలో పూసల్లా ఒకదాని వెనుక ఒకటి పోతూ ఉన్నాయి.

అవి గురుగ్రహం మీద పడతాయని శాస్త్రవేత్తలు ఏడాది ముందే లెక్క కట్టి చెప్పారు. చెప్పినట్టే 1994 జూలై 16 నుంచి 22 దాకా ఒక్కొక్కటే పడ్డాయి.

అవి సెకనుకు 60 కిలోమీటర్ల వేగంతో పడ్డాయి. కామారెడ్డి నుంచి హైదరాబాదుకు సుమారు 110 కిలోమీటర్లు. బస్సుకు రెండు, మూడు గంటలు పడుతుంది. ఆ వేగంతో పోతే రెండు సెకన్లు చాలు.

"గురుగ్రహం పగిలింది, మంట అంటుకుంది"

రెండూ తప్పే.

ముందు పరిమాణం చూడాలి. భూమి జొన్నగింజంత ఉందనుకోండి. గురుగ్రహం నిమ్మకాయంత ఉంటుంది. పడిన ముక్కల్లో పెద్దవి కూడా ఒకటి, రెండు కిలోమీటర్లకు మించి లేవు. జొన్నగింజ పక్కన పెడితే అవి కంటికి ఆనని దుమ్ము. అంత చిన్న ముక్కలకు గురుగ్రహం పగలదు. దారి కూడా తప్పదు. ఇప్పటికీ దాని దారిన అది తిరుగుతూనే ఉంది.

మరి అంత పెద్ద పేలుడు ఎట్లా వచ్చింది? ముక్కల్లో మందుగుండు ఏమీ లేదు. జొన్నచేనులో మంచె ఎక్కి పిట్టలను కొట్టేవాళ్లకు ఈ సంగతి తెలుసు. చేత్తో విసిరిన రాయి ఒక తీరు. అదే రాయిని ఒడిసెలలో పెట్టి తిప్పి కొడితే ఇంకో తీరు. రాయి మారలేదు. వేగం మారింది. వేగం పెరిగితే దెబ్బ పెరుగుతుంది. అంత వేగంగా వచ్చినది ఒక్కసారి ఆగితే ఆ వేగమంతా వేడిగా మారుతుంది. అందుకే ఆ పేలుడు. కొన్ని పేలుళ్ల సెగలు సుమారు 3000 కిలోమీటర్ల ఎత్తుకు లేచాయి.

గురుగ్రహం మండి రెండో సూర్యుడు అవుతుందని కూడా కొందరు అన్నారు. అది జరగదు. చిన్న సూర్యుడు కావాలన్నా గురుగ్రహం ఇప్పటికన్నా సుమారు 80 రెట్లు బరువు ఉండాలి. తోకచుక్క ముక్కలు పడితే ఆ బరువు రాదు.

"పడిన చోట గుంతలు పడ్డయి"

గురుగ్రహం మీద నేల లేదు. పైన మబ్బులు, లోపల లోతుగా గాలి లాంటి వాయువులు. అందుకని గుంత పడలేదు. నిజాంసాగర్ నీళ్లలో రాయి వేస్తే గుంత మిగులుతుందా? కొంతసేపు అలలు ఉంటాయి, పోతాయి. అక్కడ కూడా అంతే. పేలుడుకు లేచిన మసి మబ్బుల మీద నల్ల మచ్చలుగా కనిపించింది. ఒక మచ్చ మన భూమి అంత వెడల్పు ఉంది. కొన్ని నెలలకు ఆ మచ్చలు చెదిరిపోయాయి.

"అక్కడ పడితే మనకూ దెబ్బ"

గురుగ్రహం అప్పుడు మనకు 70 కోట్ల కిలోమీటర్ల కన్నా ఎక్కువ దూరంలో ఉంది. అక్కడి దెబ్బకు ఇక్కడ ఒక్క పెంకు కదలలేదు. 1994 జూలైలో మన జిల్లాలో చెరువులు చెరువుల్లాగే ఉన్నాయి. నాట్లు నాట్లుగానే సాగాయి.

"మరి భూమి మీద ఎన్నడూ పడవా?"

పడవు అనడం కూడా తప్పే. నిజం నిజంగానే చెప్పుకోవాలి.

మన పక్క రాష్ట్రం మహారాష్ట్రలో లోనార్ అనే ఊరు ఉంది. అక్కడ గుండ్రని పెద్ద గుంతలో చెరువు ఉంది. గుంత వెడల్పు సుమారు 1.8 కిలోమీటర్లు. ఎన్నో వేల ఏళ్ల కిందట ఆకాశం నుంచి రాయి పడి ఆ గుంత ఏర్పడింది.

6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట ఇంకా పెద్దది పడింది. సుమారు 10 కిలోమీటర్ల రాయి ఇప్పటి మెక్సికో దేశం దగ్గర పడింది. లేచిన దుమ్ము ఎండను కమ్మేసింది. రాక్షసబల్లులు నశించాయి. అప్పటికి మనుషులు పుట్టలేదు.

2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ అనే పట్నం మీద సుమారు 20 మీటర్ల రాయి గాలిలోనే పేలింది. ఎవరూ చనిపోలేదు. కాని సుమారు 1500 మందికి దెబ్బలు తగిలాయి. ఎక్కువ మందికి కిటికీల అద్దాలు పగిలి గుచ్చుకున్నాయి. ముందు పెద్ద వెలుగు వచ్చింది. అదేమిటో చూద్దామని జనం కిటికీల దగ్గరికి పోయారు. ఒకటి రెండు నిమిషాల తర్వాత పేలుడు దెబ్బ వచ్చింది. ఇందులో ఒక పాఠం ఉంది. ఆకాశంలో కళ్లు చెదిరే వెలుగు కనిపిస్తే కిటికీ దగ్గరికి పోకూడదు. గోడ చాటున ఉండాలి.

పెద్దవి చాలా అరుదుగా పడతాయి. ఆకాశంలో భూమికి దగ్గరగా తిరిగే రాళ్లలో కిలోమీటరు కన్నా పెద్దవాటిని నూటికి 90కి పైగా గుర్తించారు. వాటిలో ఏదీ వచ్చే వంద ఏళ్లలో భూమిని తాకే దారిలో లేదు. చాలా దూరం నుంచి కొత్తగా వచ్చే తోకచుక్కలను అంత ముందుగా కనిపెట్టలేరు. అందుకే రాత్రంతా ఆకాశాన్ని కావలి కాస్తున్నారు.

కావలి కాయడమే కాదు, ఉపాయం కూడా వెతుకుతున్నారు. 2022 సెప్టెంబర్ 26న అమెరికా వాళ్లు ఒక చిన్న నౌకను పంపి, డైమార్ఫస్ అనే రాతిని గుద్దించారు. ఆ రాయి వెడల్పు సుమారు 160 మీటర్లు. అది భూమి మీదకు వచ్చేది కాదు. ఉపాయం పని చేస్తుందా లేదా అని చూశారు. అది ఇంకో పెద్ద రాతి చుట్టూ తిరుగుతుంది. గుద్దిన తర్వాత ఒక చుట్టుకు పట్టే సమయం అరగంటకు పైగా తగ్గింది. అంటే దారి మళ్లించవచ్చు.

మన దగ్గరి నుంచి ఒకరు

ఆకాశం లెక్కలు దొరల దేశానివే అనుకోవద్దు. హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఒక వేధశాల పెట్టించారు. వేధశాల అంటే పెద్ద దుర్భిణీలతో చుక్కలను చూసే చోటు. దాని పేరు నిజామియా వేధశాల. అందులో పని చేసే ఒక ఉద్యోగి కొడుకు వైను బప్పు. హైదరాబాదులోనే పెరిగాడు. నిజాం కాలేజీలో చదివాడు. పై చదువుకు అమెరికా పోయాడు. 1949లో ఇంకో ఇద్దరితో కలిసి ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నాడు. ఆ తోకచుక్క పేరులో ఆయన పేరు కూడా ఉంది. తర్వాత ఆయన తమిళనాడులోని కావలూరులో పెద్ద వేధశాలను తీర్చిదిద్దాడు.

భయం ఖరీదు

1979లో తోకచుక్క కాదు గాని, ఇంకో భయం వచ్చింది. స్కైలాబ్ అనే అమెరికా ఆకాశ నౌక కింద పడబోతుందని రేడియోలో, పత్రికల్లో వచ్చింది. దాని బరువు సుమారు 77 టన్నులు. అది ఎక్కడ పడుతుందో సరిగ్గా చెప్పలేకపోయారు. తెలంగాణ పల్లెల్లో అప్పటి ముచ్చట్లు పెద్దలు ఇప్పటికీ చెప్తారు. ఎట్లాగూ చస్తాం గదా అని కొందరు మేకలను, కోళ్లను కోసుకొని తిన్నారు. దాచుకున్న పైసలు ఖర్చు పెట్టారు. 2021లో ఈ సంగతి మీద "స్కైలాబ్" అని తెలుగు సినిమా కూడా వచ్చింది.

జూలై 11, 12 తేదీల్లో స్కైలాబ్ కూలింది. కొంత సముద్రంలో పడింది. కొన్ని ముక్కలు ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. తమ ఊళ్లో చెత్త పడేసినందుకు అక్కడి స్థానిక సంస్థ అమెరికా వాళ్లకు 400 డాలర్ల జరిమానా వేసింది!

మన పల్లెల్లో తెల్లారి లేచేసరికి లోకం ఉంది. మేక లేదు. లోకం మునగలేదు గాని ఇల్లు మునిగింది.

భయంలో అమ్మిన సొమ్ముకు ధర రాదు. అమ్మేవాళ్లకు నష్టం, కొనేవాళ్లకు లాభం. శాంతి చేయిస్తాం, తాయెత్తు కడతాం అని వచ్చేవాళ్లకూ లాభమే. ముందుగా పోయేది ఇల్లాలు చిట్టీ కట్టి, పైస పైస కూడబెట్టిన సొమ్మే. ఆమె చెవుల కమ్మలే.

అందుకని అలాంటి మాట చెవిన పడ్డప్పుడు నాలుగు ప్రశ్నలు అడగాలి.

1. ఈ మాట ఎవరు చెప్పారు? పేరు ఉందా?
2. ఏ తేదీన అని రాసి ఉందా? పోయిన ఏడు కూడా ఇదే మాట వచ్చిందా?
3. పేపరులో వచ్చిందా? బడిలో సైన్సు సారును, టీచరమ్మను అడిగారా?
4. ఈ భయం వల్ల ఎవరికి పైసలు వస్తాయి?

2029 ఏప్రిల్ 13, 14 తేదీల నడుమ రాత్రి అపోఫిస్ అనే రాయి భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరం నుంచి పోతుంది. అది భూమిని తాకదని లెక్క తేలింది. ఆ రోజులు దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ "అంట"లు రావచ్చు. అప్పుడు ఈ పాఠాన్ని పక్కింటివాళ్లకు చదివి వినిపించండి.

కొత్త మాటలు – చూసి రాయండి

తోకచుక్క, ఉల్క, గురుగ్రహం, వేధశాల, దుర్భిణి, శాస్త్రవేత్త, పుకారు

జవాబులు చెప్పండి

1. తోకచుక్కకూ, ఉల్కకూ తేడా ఏమిటి?
2. గురుగ్రహం మీద గుంతలు ఎందుకు పడలేదు?
3. కరోలిన్ షూమేకర్ ఈ పని ఎప్పుడు నేర్చుకుంది?
4. ఆకాశంలో కళ్లు చెదిరే వెలుగు వస్తే ఏం చేయాలి?

లెక్క చేయండి

ఒక మేక ధర 8000 రూపాయలు. భయంతో 3500 రూపాయలకు అమ్మారు. ఎంత నష్టం? రెండు మేకలు అలా అమ్మితే ఎంత నష్టం?

మాట్లాడుకోండి

మీ ఊళ్లో ఎప్పుడైనా ఇలాంటి పుకారు వచ్చిందా? అప్పుడు ఎవరు నష్టపోయారు? ఎవరు బాగుపడ్డారు? పెద్దవాళ్లను అడిగి నాలుగు వాక్యాలు రాయండి.